బేసల్ గాంగ్లియా: కదలికను పుట్టించకుండానే శాసించే నాడీకేంద్రాలు

చెయ్యి ఎత్తాలనుకున్నప్పుడు మెదడు నుంచి కండరానికి ఆదేశం ఏ దారిన వెళుతుందన్నది వైద్యశాస్త్రం చాలాకాలం క్రితమే తేల్చింది. పెద్ద మెదడు పైపొర అయిన కార్టెక్స్‌లోని చలన ప్రాంతాల నుంచి బయలుదేరిన నాడీతంతువులు ఇంటర్నల్ క్యాప్సూల్ అనే ఇరుకు దారిలో దిగి, మెదడు కాండం అడుగున చాలావరకు అవతలి పక్కకు దాటి, వెన్నుపాములోని చలన నాడీకణాలను చేరతాయి. అక్కడి నుంచి వెలువడే నరాలే కండరాలను కదిలిస్తాయి. ఈ దారిలో ఎక్కడా బేసల్ గాంగ్లియా తగలదు. దాని నుంచి నేరుగా వెన్నుపాముకు వెళ్లే చెప్పుకోదగ్గ తంతువులేవీ లేవు. అయినా అది దెబ్బతింటే కదలిక మొత్తం తారుమారవుతుంది. ఒక రోగికి కుర్చీలోంచి లేవడమే పెద్ద పనైపోతుంది. మరొక రోగిలో చెయ్యి తనంతట తానే విసురుగా ఎగిరిపడుతుంది. ఈ ఇద్దరిలోనూ కండరబలం మాత్రం దాదాపు మామూలుగానే ఉంటుంది.

బలం ఉండి కూడా కదలిక చెడిపోయే ఈ స్థితిలోనే బేసల్ గాంగ్లియా పని ఏమిటో తెలుసుకోవడానికి ఆధారం ఉంది. కదలికను తయారుచేసేది కార్టెక్స్. దాన్ని గురితప్పకుండా సవరించేది చిన్న మెదడు. బేసల్ గాంగ్లియా చేసేది వేరు. ఏ క్షణంలోనైనా సిద్ధంగా ఉండే అనేక కదలికల్లో దేన్ని వదలాలో, వేటిని ఆపి ఉంచాలో, వదిలినదానికి ఎంత ఊపు ఇవ్వాలో అది నిర్ణయిస్తుంది. దీన్ని వాహనపు బ్రేకు, యాక్సిలరేటర్లతో పోల్చి వివరించడం పరిపాటి అయింది గానీ, ఆ వివరణ విద్యార్థికి పరీక్షలో ఉపయోగపడినంతగా రోగి శరీరంలో జరుగుతున్నదాన్ని చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో తెలియాలంటే ముందు ఈ కేంద్రాలు ఎక్కడున్నాయో, ఒకదానితో ఒకటి ఎలా ముడిపడ్డాయో చూడాలి.

మెదడు లోతుల్లో అమరిక

పెద్ద మెదడు అర్ధగోళాల లోపల, తెల్లపదార్థం మధ్యలో, రెండు వైపులా సమానంగా అమరిన బూడిదరంగు పదార్థపు ముద్దలే బేసల్ గాంగ్లియాలో ప్రధాన భాగం. వీటిలో కాడేట్ అన్నది వంపు తిరిగి ఉంటుంది. దాని తల లావుగా, మెదడు నీరు నిండిన పార్శ్వ వెంట్రికల్ ముందు కొమ్ములోకి ఉబ్బి కనిపిస్తుంది. నడుము భాగం, కార్టెక్స్‌కు సంకేతాలు చేరవేసే కేంద్రమైన థాలమస్ పక్కగా వెనక్కి సాగి, సన్నని తోకగా మారి, కణత భాగంలోకి దిగి, భావోద్వేగాలతో ముడిపడిన అమిగ్డలా దగ్గర ముగుస్తుంది. స్కానింగులో కాడేట్ తల చదునుబడి వెంట్రికల్ వెడల్పుగా కనిపిస్తే వైద్యులు ముందుగా వంశపారంపర్యంగా వచ్చే మెదడు వ్యాధి అయిన హంటింగ్టన్ వ్యాధిని అనుమానించేది ఈ అమరిక వల్లే.

కాడేట్‌కు వెలుపలి వైపున ప్యుటామెన్, దానికి లోపలి వైపున ఆనుకుని గ్లోబస్ పాలిడస్ ఉంటాయి. మైలిన్ అనే తెల్లని కొవ్వుపొర కప్పిన తంతువులు దట్టంగా చొచ్చుకుపోవడం వల్ల గ్లోబస్ పాలిడస్ కోసిన మెదడులో పాలిపోయిన రంగులో ఉంటుంది. ఒక సన్నని తెల్లపొర దాన్ని వెలుపలి ఖండం, లోపలి ఖండం అని రెండుగా విభజిస్తుంది. పక్కపక్కనే ఉన్నా ఈ రెండు ఖండాల పని పూర్తిగా వేరు. ఈ తేడా గుర్తులో లేకపోతే తరువాత చెప్పుకునే నాడీ మార్గాలేవీ అర్థం కావు.

కాడేట్, ప్యుటామెన్ పిండదశలో ఒకే కణజాలం. కార్టెక్స్ నుంచి కిందికి, కిందినుంచి కార్టెక్స్‌కు పోయే తంతువుల కట్ట అయిన ఇంటర్నల్ క్యాప్సూల్ ఆ కణజాలాన్ని చీల్చుకుంటూ పెరగడం వల్ల అది రెండుగా విడిపోయింది. పూర్తిగా మాత్రం విడిపోలేదు. తెల్లని కట్టకు అడ్డంగా బూడిదరంగు వంతెనలు మిగిలి, కోసిన చోట చారలు చారలుగా కనిపిస్తాయి. 1664లో మెదడు నిర్మాణంపై గ్రంథం ప్రచురించిన ఇంగ్లండు వైద్యుడు థామస్ విల్లిస్ ఈ చారలను స్పష్టంగా వర్ణించాడు. కాడేట్, ప్యుటామెన్, వాటి అడుగున రెండింటినీ కలిపే న్యూక్లియస్ అకుంబెన్స్, ఈ మూడింటినీ కలిపి స్ట్రయేటమ్ అంటారు. బేసల్ గాంగ్లియాలోకి సమాచారం ప్రధానంగా ప్రవేశించే ద్వారం ఇదే.

మిగిలిన రెండు కేంద్రాలు ఇంకా కిందికి ఉంటాయి. థాలమస్ అడుగున, మధ్యమెదడుకు కాస్త పైన, కటకం ఆకారంలో కొన్ని మిల్లీమీటర్ల మందాన ఉండేది సబ్‌థాలమిక్ న్యూక్లియస్. ఫ్రెంచి వైద్యుడు లూయిస్ దీన్ని 1865లో వర్ణించాడు. ఇంత చిన్న కేంద్రం తరువాతి కాలంలో నాడీ శస్త్రచికిత్సకు అంత ముఖ్యమైన గురి అవుతుందని ఆ రోజుల్లో ఎవరూ ఊహించి ఉండరు. దానికి దిగువన మధ్యమెదడులో సబ్‌స్టాన్షియా నైగ్రా ఉంది. మధ్యమెదడును అడ్డంగా కోసి చూస్తే రెండు పక్కలా నల్లటి పట్టీ కంటికే కనిపిస్తుంది. ఆ నలుపు న్యూరోమెలనిన్ అనే వర్ణకానిది. నాడీకణాల మధ్య సంకేతాలు మోసే డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలలో అది వయసుతోపాటు పేరుకుంటుంది. కదలిక మందగించి, వణుకు, బిగువు వచ్చే పార్కిన్సన్స్ వ్యాధితో మరణించినవారి మెదడులో ఆ పట్టీ వెలిసిపోయి ఉంటుంది. 1919లో పారిస్‌లో ట్రెటియాకాఫ్ తన పరిశోధన వ్యాసంలో చూపినది ఇదే. అయితే ఆయన మాటకు వైద్యలోకంలో పూర్తి ఆమోదం దొరకడానికి దశాబ్దాలు పట్టింది.

సబ్‌స్టాన్షియా నైగ్రాలోనూ రెండు భాగాలున్నాయి. నల్లటి కణాలు కిక్కిరిసి ఉండే కాంపాక్టా డోపమైన్‌ను స్ట్రయేటమ్‌కు పంపుతుంది. రెటిక్యులాటా అనే రెండవ భాగం కణాల తీరులోనూ పనిలోనూ గ్లోబస్ పాలిడస్ లోపలి ఖండానికి తోబుట్టువు. బేసల్ గాంగ్లియా నుంచి సందేశం బయటికి వెళ్లేది ఈ రెండు చోట్ల నుంచే.

రక్తనాళాల విషయం ఒకటి ఇక్కడే చెప్పుకోవాలి, ఎందుకంటే మన ఇళ్లలో బేసల్ గాంగ్లియా అనే మాట చాలామంది మొదటిసారి చూసేది పక్షవాతం వచ్చిన పెద్దల సీటీ స్కాన్ రిపోర్టులో. మెదడు మధ్య ధమని నుంచి దాదాపు నిటారుగా చీలి పైకి వెళ్లే సన్నని కొమ్మలు ప్యుటామెన్‌కు, దాని చుట్టుపక్కలకు రక్తం అందిస్తాయి. ఏళ్ల తరబడి అదుపులో లేని రక్తపోటు ఈ సన్నని కొమ్మలనే ఎక్కువగా దెబ్బతీస్తుంది. అధిక రక్తపోటు వల్ల మెదడులో జరిగే రక్తస్రావాలకు అతి సాధారణమైన చోట్లలో ప్యుటామెన్ ఒకటి. అప్పుడు శరీరంలో ఒక పక్క పడిపోవడానికి కారణం మాత్రం ప్యుటామెన్ దెబ్బతినడం కాదు. చిమ్మిన రక్తం పక్కనే ఉన్న ఇంటర్నల్ క్యాప్సూల్‌ను నొక్కేయడం, చీల్చేయడం వల్ల కండరాలకు వెళ్లే ఆదేశపు దారి తెగిపోతుంది. బేసల్ గాంగ్లియా కణాలు మాత్రమే దెబ్బతింటే పక్షవాతం రాదు.

అణచివేతను అణచడం

కార్టెక్స్‌లో దాదాపు ప్రతి ప్రాంతం స్ట్రయేటమ్‌కు తంతువులు పంపుతుంది. అవి చేరే చోట్లు కలగాపులగంగా ఉండవు. చలన, స్పర్శ ప్రాంతాల తంతువులు ప్యుటామెన్ వెనుక భాగానికి చేరతాయి. అక్కడ కాలికి పైన, ముఖానికి కింద, చేతికి మధ్యలో చోటు ఉంటుంది. ఆలోచన, ప్రణాళికలతో ముడిపడిన ముందరి ప్రాంతాలవి కాడేట్‌కు, భావోద్వేగ ప్రాంతాలవి అకుంబెన్స్‌కు వెళతాయి. 1986లో అలెగ్జాండర్, డిలాంగ్, స్ట్రిక్ అనే ముగ్గురు పరిశోధకులు ఇవన్నీ ఒకదాని పక్కన ఒకటి నడిచే వేర్వేరు వలయాలని ప్రతిపాదించారు. కార్టెక్స్‌లో మొదలై, బేసల్ గాంగ్లియా గుండా, థాలమస్ మీదుగా, తిరిగి కార్టెక్స్‌కే చేరే దారులు ఇవి. పార్కిన్సన్స్ రోగిలో నడక మందగించడంతో పాటు ఉత్సాహం, ఆలోచన వేగం కూడా తగ్గడానికి ఈ అమరికలో కారణం కనిపిస్తుంది.

స్ట్రయేటమ్‌లోని కణాల్లో అత్యధికం ఒకే రకానివి. ఒళ్లంతా ముళ్లవంటి మొలకలున్న ఈ మధ్యస్థ కణాలు గాబా అనే నిరోధక రసాయనాన్ని విడుదల చేస్తాయి. వీటి ప్రత్యేకత మౌనం. ఒకటి రెండు సంకేతాలకు ఇవి స్పందించవు. కార్టెక్స్ నుంచి, థాలమస్ నుంచి అనేక సంకేతాలు ఒకే సమయంలో వచ్చి పడితేనే మేల్కొంటాయి. ద్వారం దగ్గరే ఇంత గట్టి వడపోత ఉందన్నమాట. ఇందుకు పూర్తిగా విరుద్ధంగా, బయటికి సందేశం పంపే గ్లోబస్ పాలిడస్ లోపలి ఖండపు కణాలు ఎప్పుడూ నిద్రపోనట్టే ఉంటాయి. ఏ కదలికా లేకుండా ఊరికే కూర్చున్న కోతిలో కూడా అవి సెకనుకు 60 నుంచి 80 సార్లు విద్యుత్ స్పందనలు పుట్టిస్తూనే ఉంటాయి. ఇవి కూడా గాబానే విడుదల చేసే నిరోధక కణాలు. అంటే మనిషి నిశ్చలంగా ఉన్నంతసేపూ థాలమస్‌లోని చలన భాగం మీద బేసల్ గాంగ్లియా నుంచి ఎడతెగని అణచివేత సాగుతూనే ఉంటుంది.

ఈ అణచివేత సడలడమే కదలికకు అనుమతి. చెరువు తూము సంగతి ఇలాంటిదే: పొలానికి నీరు కావాలంటే నీటిని కొత్తగా పుట్టించనక్కరలేదు, మూసి ఉన్న తూము తలుపును కాస్త ఎత్తితే చాలు. స్ట్రయేటమ్‌లోని మౌన కణం మేల్కొని గ్లోబస్ పాలిడస్ లోపలి ఖండంలోని తన వంతు కణాలను కాసేపు నోరు మూయిస్తుంది. దాంతో ఆ కణాలు పట్టి ఉంచిన థాలమస్ భాగం విడుదలవుతుంది, కార్టెక్స్‌లో సిద్ధంగా ఉన్న ఆ ఒక్క కదలికకు ఊతం దొరుకుతుంది. రెండు నిరోధాలు కలిసి ఒక అనుమతిగా మారడం బేసల్ గాంగ్లియా రహస్యాల్లో మొదటిది.

దీనికి దొరికిన అతి స్పష్టమైన రుజువు చేతి కదలికల నుంచి కాక, కంటి కదలికల నుంచి వచ్చింది. 1983లో హికొసాకా, వుర్ట్జ్ అనే శాస్త్రవేత్తలు శిక్షణ పొందిన కోతుల్లో సబ్‌స్టాన్షియా నైగ్రా రెటిక్యులాటా కణాల స్పందనలు నమోదు చేశారు. చీకట్లో ఒక చుక్క మెరిసి ఆరిపోతుంది. కాసేపు ఆగి, గుర్తుపెట్టుకున్న ఆ చోటు వైపు కోతి చూపు తిప్పాలి. చూపు తిరగడానికి కాస్త ముందు, అప్పటిదాకా ఆగకుండా స్పందిస్తున్న రెటిక్యులాటా కణం ఒక్కసారిగా మౌనం వహించేది. సరిగ్గా ఆ సమయంలోనే, దాని అదుపులో ఉండే మధ్యమెదడు పైభాగపు కణం ఒక్క పెట్టున చెలరేగి కంటిని తిప్పేది. ఆ తరువాత వారు రెటిక్యులాటాలోకి గాబాలా పనిచేసే మందును అతి కొద్దిగా ఎక్కించి ఆ కణాలను నిద్రపుచ్చారు. కోతి ఒకచోట చూపు నిలపాలని ఎంత ప్రయత్నించినా దాని కళ్లు అవతలి పక్కకు పదేపదే గెంతుతూనే ఉండిపోయాయి. అణచివేత తొలగితే కదలిక పుట్టుకురావడమే కాదు, ఆగమన్నా ఆగదని కూడా ఆ ప్రయోగం చూపింది.

ఇంతవరకు చెప్పినది ప్రత్యక్ష మార్గం. పరోక్ష మార్గం కాస్త చుట్టు తిరుగుతుంది. స్ట్రయేటమ్‌లోని మరో జట్టు కణాలు గ్లోబస్ పాలిడస్ వెలుపలి ఖండాన్ని అణచుతాయి. ఆ ఖండం మామూలుగా సబ్‌థాలమిక్ న్యూక్లియస్‌ను అణచి ఉంచుతుంది కాబట్టి, ఇప్పుడు ఆ న్యూక్లియస్ విజృంభిస్తుంది. బేసల్ గాంగ్లియాలోని కేంద్రాల్లో గ్లుటమేట్ ద్వారా ఉత్తేజాన్ని పంపేది ఇదొక్కటే. దాని ఉత్తేజంతో లోపలి ఖండం మరింత గట్టిగా థాలమస్‌ను అణచుతుంది. ఫలితంగా కదలిక ఆగుతుంది. మూడవది కార్టెక్స్ నుంచి స్ట్రయేటమ్‌ను తాకకుండా నేరుగా సబ్‌థాలమిక్ న్యూక్లియస్‌కు వెళ్లే అడ్డదారి. జపాన్‌కు చెందిన నంబు బృందం దీని ప్రాధాన్యాన్ని బయటపెట్టింది. కోతి కార్టెక్స్‌ను విద్యుత్తుతో తట్టినప్పుడు లోపలి ఖండంలో మొదట ఒక ఉత్తేజం, వెంటనే ఒక మౌనం, తరువాత మళ్లీ ఒక ఉత్తేజం, ఈ మూడూ కొన్ని పదుల మిల్లీసెకన్లలోనే వరుసగా కనిపిస్తాయి. దీని అర్థం ఏమిటంటే, అడ్డదారి ముందుగా అన్ని కదలికలనూ బిగబడుతుంది, ప్రత్యక్ష మార్గం అందులో ఎంచుకున్న ఒక్కదాన్ని వదులుతుంది, పరోక్ష మార్గం చివరన మళ్లీ మూస్తుంది. నడిరోడ్డు దాటుతున్న మనిషి హారన్ వినగానే వేసిన అడుగు వేసినట్టే ఆగిపోవడంలో ఆ అడ్డదారి పాత్ర పెద్దది.

డోపమైన్ ఏం చేస్తుంది

ప్రత్యక్ష మార్గపు స్ట్రయేటమ్ కణాలపై డీ1 రకం డోపమైన్ గ్రాహకాలు, పరోక్ష మార్గపు కణాలపై డీ2 రకం గ్రాహకాలు ఎక్కువ. డోపమైన్ మొదటి జట్టును సులువుగా మేల్కొనేలా చేస్తుంది, రెండవ జట్టును మేల్కొననివ్వదు. రెండు దారుల్లోనూ ఫలితం ఒకటే: తలుపు తెరుచుకోవడం తేలికవుతుంది. డోపమైన్ లేకపోతే రెండు దారులూ మూత వైపే మొగ్గుతాయి.

ఈ జ్ఞానానికి భారతదేశపు మొక్కలతో సంబంధం ఉంది, అది ఇక్కడ చెప్పుకోదగ్గది. మన వైద్యంలో తరతరాలుగా వాడుకలో ఉన్న సర్పగంధి వేరు నుంచి 1952లో రెసర్పిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. రక్తపోటుకు, మానసిక ఉద్రేకానికి మందుగా అది ప్రపంచమంతటా వ్యాపించింది. స్వీడన్‌లో అర్విడ్ కార్ల్‌సన్ 1957 ప్రాంతంలో దాన్ని కుందేళ్లకు ఇచ్చి చూశాడు. అవి చెవులు వాల్చి, కదలకుండా పడిపోయాయి. వాటికి ఎల్-డోపా అనే రసాయనం ఎక్కించగానే కొద్దిసేపట్లోనే లేచి తిరగసాగాయి. శరీరం డోపమైన్‌ను తయారుచేసుకునేది ఎల్-డోపా నుంచే. డోపమైన్ మరేదో రసాయనానికి ముడిసరుకు మాత్రమేనన్న అప్పటి నమ్మకం అక్కడితో పోయింది. 1960లో వియన్నాలో హార్నికీవిచ్, ఎహ్రింగర్ పార్కిన్సన్స్ రోగుల మెదళ్లను పరీక్షించి, స్ట్రయేటమ్‌లో డోపమైన్ దారుణంగా తగ్గిందని చూపారు. మరుసటి ఏడాది రోగులకు ఎల్-డోపా సూదిమందుగా ఇవ్వడం మొదలైంది. 1967లో అమెరికాలో కోట్జియాస్ దాన్ని నోటి ద్వారా, మోతాదు నెమ్మదిగా పెంచుతూ ఇచ్చి, చికిత్సగా నిలబెట్టాడు. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఎల్-డోపా మన పొలాల గట్ల మీద, కంచెల వెంట పాకే దూలగొండి గింజల్లో పుష్కలంగా ఉంది. మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే పరిశోధకులు 1937లోనే దాన్ని ఆ గింజల నుంచి వేరుచేశారు. అప్పటికి ఆ పదార్థానికి మెదడులో ఉన్న పని ఎవరికీ తెలియదు. గింజల పొడిలో మోతాదు ఒకసారి ఉన్నట్టు మరోసారి ఉండదు. ఇప్పటికే మాత్రలు వాడుతున్నవారు దాన్ని కలిపి తీసుకుంటే మోతాదు మించి అసంకల్పిత చలనాలు, వాంతులు రావచ్చు కనుక వైద్యుడికి తెలియకుండా వాడకూడదు.

పార్కిన్సన్స్ వ్యాధిలో డోపమైన్ కణాలు సగానికి సగం నశించేదాకా మనిషి కదలికలో పెద్ద తేడా కనిపించదు. కనిపించడం మొదలయ్యాక దాన్ని పట్టుకోవడానికి వైద్యుడికి పరికరమేదీ అక్కరలేదు. బొటనవేలు, చూపుడువేలు వెడల్పుగా తెరిచి వేగంగా తట్టమంటారు. మొదటి నాలుగైదు సార్లు బాగానే తట్టిన రోగి వేళ్లు, క్రమంగా దగ్గరవుతూ, ఆపైన తెరుచుకోవడమే తగ్గి, మధ్యలో ఒకసారి ఆగిపోతాయి. రాయమంటే మొదటి మాటలో గుండ్రంగా ఉన్న అక్షరాలు పంక్తి చివరికి వచ్చేసరికి గింజల్లా కుంచించుకుపోతాయి. వేళ్లకు బలం ఉంది, అక్షరం రూపం గుర్తుంది. తగ్గినదల్లా కదలిక పరిమాణం, అదీ ఒక్కసారిగా కాక కొద్దికొద్దిగా. ఈ క్షీణత వైద్యుల దృష్టిలో వణుకు కంటే నమ్మకమైన గుర్తు.

ఇందుకు సరిగ్గా ఎదురు స్థితులు కూడా ఉన్నాయి. ఒక పక్క సబ్‌థాలమిక్ న్యూక్లియస్ చిన్న స్ట్రోక్‌తో దెబ్బతింటే, శరీరంలో అవతలి పక్క చెయ్యి, కాలు విసురుగా, బలంగా ఎగిరిపడతాయి. లోపలి ఖండానికి ఉత్తేజం అందక, దాని అణచివేత సడలడం దీనికి కారణం. రక్తంలో చక్కెర విపరీతంగా పెరిగిన వృద్ధులలో కూడా ఇలాంటి ఒకపక్క చలనాలు కనిపించవచ్చు. స్కాన్‌లో ప్యుటామెన్ అసాధారణంగా తెల్లగా మెరుస్తుంది, చక్కెర అదుపులోకి వచ్చాక చాలామందిలో చలనాలు తగ్గిపోతాయి. మధుమేహం ఇంత విస్తరించిన మన సమాజంలో ఈ సంగతి కుటుంబాలకు తెలిసి ఉండటం మంచిది, లేకపోతే దాన్ని గాలి సోకిందనో మానసికమనో భావించే ప్రమాదం ఉంది. హంటింగ్టన్ వ్యాధిలో తొలిదశలో ముందుగా నశించేది పరోక్ష మార్గపు స్ట్రయేటమ్ కణాలు. అందుకే ఆ రోగిలో మొదట నాట్యంలా అల్లల్లాడే చలనాలు వస్తాయి, ప్రత్యక్ష మార్గం కూడా పోయాక బిగుసుకుపోవడం వస్తుంది.

నమూనా చెప్పలేనిది

1989లో ఆల్బిన్, యంగ్, పెన్నీ ఈ రెండు మార్గాల నమూనాను స్పష్టంగా ప్రతిపాదించారు. దాని బలం మరుసటి ఏడాదే తేలింది. అంతకుముందు 1982లో కాలిఫోర్నియాలో కల్తీ మత్తుమందు ఎక్కించుకున్న కొందరు యువకులు రోజుల వ్యవధిలో కొయ్యబారిపోయారు. ఆ మందులో కలిసిన ఎంపీటీపీ అనే రసాయనం డోపమైన్ కణాలనే ఏరి చంపుతుందని ల్యాంగ్‌స్టన్ బృందం గుర్తించింది. ఆ రసాయనంతో పార్కిన్సన్స్ లక్షణాలు తెప్పించిన కోతులలో బెర్గ్‌మన్, విచ్‌మన్, డిలాంగ్ 1990లో సబ్‌థాలమిక్ న్యూక్లియస్‌ను దెబ్బతీసి చూశారు. కోతుల కదలిక తిరిగి వచ్చింది. నమూనా చెప్పినది చెప్పినట్టు జరిగింది.

అయితే అదే నమూనా ప్రకారం గ్లోబస్ పాలిడస్ లోపలి ఖండాన్ని శస్త్రచికిత్సతో నాశనం చేస్తే అణచివేతే లేకుండా పోయి, రోగి చేతులూ కాళ్లూ అదుపు తప్పాలి. నిజానికి జరిగేది దానికి వ్యతిరేకం. ఎల్-డోపా వల్ల వచ్చిన అదుపులేని చలనాలే ఆ శస్త్రచికిత్స తరువాత బాగా తగ్గుతాయి. థాలమస్‌లో చలన భాగాన్ని తొలగించినా మనిషి కదలలేకపోవాలి. అదీ జరగదు, వణుకు మాత్రం పోతుంది. మార్స్‌డెన్, ఒబెసో 1994లో ఈ వైరుధ్యాన్ని బయటపెట్టి వైద్యలోకాన్ని ఆలోచింపజేశారు. బ్రేకు, యాక్సిలరేటర్ వివరణ కుప్పకూలేది ఇక్కడే. 2013లో ఎలుకల మీద జరిగిన కొలతలు మరో దెబ్బ వేశాయి: కదలిక మొదలయ్యే క్షణంలో ప్రత్యక్ష మార్గం, పరోక్ష మార్గం రెండూ కలిసే చురుకవుతున్నాయి. ఒకటి కదిలిస్తే మరొకటి ఆపుతుందన్న సూటి లెక్క కంటే, ఒకటి ఎంచుకున్నదాన్ని వదులుతుండగా మరొకటి దానికి పోటీపడే మిగతావాటిని పట్టి ఉంచుతుందన్న వివరణ ఈ ఫలితానికి బాగా సరిపోతుంది.

వైరుధ్యానికి ఒక సమాధానం లయలో దొరికింది. పార్కిన్సన్స్ రోగుల సబ్‌థాలమిక్ న్యూక్లియస్‌లో కణాలు విడివిడిగా ఎక్కువగా స్పందించడమే కాదు, సెకనుకు 13 నుంచి 30 సార్ల చొప్పున గుంపుగా, ఒకే తాళానికి స్పందిస్తాయి. ఎల్-డోపా మాత్ర పనిచేస్తున్నప్పుడు ఈ సామూహిక లయ తగ్గుతుంది, మాత్ర ప్రభావం దిగినప్పుడు మళ్లీ పెరుగుతుంది. వేర్వేరు కదలికలకు వేర్వేరుగా తెరుచుకోవలసిన దారులన్నీ ఒక్క లయలో కట్టుబడిపోతే ఎంపికకు చోటు ఉండదు. అస్తవ్యస్తమైన సందేశం పంపే కేంద్రం కంటే, అసలు సందేశమే పంపని కేంద్రం మిగతా మెదడుకు మేలన్నది శస్త్రచికిత్సల అనుభవం చెబుతోంది. పెద్దవాళ్ల మెదడు నేర్చుకున్న పనులను కార్టెక్స్, చిన్న మెదడుల సాయంతో చాలావరకు నడిపించగలదు.

మరి మామూలు మనిషిలో లోపలి ఖండం లేకపోతే ఏం పోతుంది? 2010లో డెస్ముర్జే, టర్నర్ దీన్ని కోతులలో పరీక్షించారు. బాగా సాధన చేసిన కదలికల వరుసను కోతి చేస్తుండగా లోపలి ఖండాన్ని మందుతో కాసేపు నిద్రపుచ్చారు. వరుస తప్పలేదు, ఒక కదలిక నుంచి మరోదానికి మారడం చెడలేదు. వేగం, కదలిక పరిమాణం మాత్రం తగ్గాయి. మనుషుల మీద 2007లో మజ్జోనీ బృందం చేసిన పరిశీలన దీనికి తోడ్పడుతుంది. పార్కిన్సన్స్ రోగులు ఆరోగ్యవంతులంత వేగంగా, అంతే గురిగా చెయ్యి చాపగలిగారు. కాకపోతే అవసరమైన వేగాన్ని అందుకోవడానికి వారికి ఎక్కువ ప్రయత్నాలు పట్టాయి. చేతకాకపోవడం కాదు, అంత ఖర్చు పెట్టడానికి మెదడు లోపలినుంచే వెనకాడటం. ఒక కదలికకు పెట్టే శ్రమ తగినదేనా అని బేరీజు వేసి ఊపు నిర్ణయించడం బేసల్ గాంగ్లియా పనుల్లో మూలమైనదన్న అభిప్రాయానికి ఈ రెండు అధ్యయనాలూ గట్టి ఆధారాలు. డోపమైన్ ఒక పక్క ప్రతిఫలాన్ని అంచనా వేసే సంకేతంగానూ, మరో పక్క కదలికకు ఊపుగానూ ఎందుకు పనిచేస్తుందో కూడా ఈ దృష్టితో చూస్తేనే పొసుగుతుంది.

చికిత్స వైపు చూస్తే, ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో బెనబిడ్ బృందం 1987లో థాలమస్‌లో, 1993లో సబ్‌థాలమిక్ న్యూక్లియస్‌లో విద్యుత్ తీగలు అమర్చి, ఏ భాగాన్నీ కోసి తీయకుండానే అటువంటి ఫలితాన్ని సాధించింది. సెకనుకు దాదాపు 130 సార్లు కొట్టే సన్నని విద్యుత్ స్పందన ఆ రోగగ్రస్త లయను చెదరగొడుతుంది. హైదరాబాద్‌లోని నిమ్స్‌లోనూ ఈ శస్త్రచికిత్స జరుగుతోంది. చాలాచోట్ల రోగిని మెలకువగా ఉంచే దీన్ని చేస్తారు. తీగ మిల్లీమీటరులో వంతులుగా దిగుతుంటే, దాని కొన దగ్గరి కణాల స్పందనలను స్పీకరులో వింటారు. థాలమస్ దాటాక తెల్లపదార్థంలో చప్పుడు దాదాపు ఆగిపోతుంది. తరువాత ఒక్కసారిగా దట్టమైన, గజిబిజి హోరు మొదలవుతుంది, అదే సబ్‌థాలమిక్ న్యూక్లియస్. ఆ హోరు కొన్ని మిల్లీమీటర్లకు తగ్గి, ఇంకా కిందికి పోతే రెటిక్యులాటా కణాల వేగమైన, క్రమబద్ధమైన చప్పుడు వినిపిస్తుంది. అప్పుడు తీగను వెనక్కి లాగి సరైన చోట నిలిపి, విద్యుత్తు ప్రసరింపజేస్తూ రోగి మణికట్టును వంచి చూస్తారు. బిగువు తన వేళ్ల కిందనే సడలడం వైద్యుడికి తెలుస్తుంది.

ఈ శస్త్రచికిత్స అన్ని లక్షణాలనూ తీర్చదు. వణుకు, బిగువు, నెమ్మదితనం బాగా తగ్గుతాయి. మాట తడబాటు, తూలిపడటం, నడుస్తూ నడుస్తూ కాళ్లు నేలకు అతుక్కున్నట్టు ఆగిపోవడం మాత్రం చాలామందిలో మిగిలిపోతాయి. లోపలి ఖండం, రెటిక్యులాటాల తంతువులు థాలమస్‌కే కాక మెదడు కాండంలోని పెడంక్యులోపాంటైన్ న్యూక్లియస్‌కు కూడా వెళతాయి. నడక, నిలబడే భంగిమలకు ఆ చోటు ముఖ్యం. అక్కడి కణాలు కూడా ఈ వ్యాధిలో నశిస్తాయి కనుక డోపమైన్ భర్తీ చేసినా, పైనున్న లయను చెదరగొట్టినా ఆ లోటు తీరదు. ఆ న్యూక్లియస్‌లోనే తీగ అమర్చే ప్రయత్నాలు 2005 నుంచి జరిగాయి గానీ ఫలితాలు రోగి రోగికీ మారిపోయాయి. ప్రస్తుతానికి అలాంటి రోగులకు ఫిజియోథెరపిస్టులు చేసే ఉపాయం ఒకటి బాగానే పనిచేస్తోంది: కాళ్లు ఆగిపోయే గుమ్మం ముందు, మంచం పక్కన నేల మీద అడుగుకొకటి చొప్పున అడ్డంగా రంగు టేపు అంటిస్తారు. గీతను దాటాలని చూసి వేసే అడుగుకు ఆదేశం కంటి నుంచి కార్టెక్స్‌లోని వేరే చలన ప్రాంతాల మీదుగా వెళుతుంది కాబట్టి, చాలామంది రోగులు ఆ గీతల మీద గుమ్మాన్ని ఆగకుండా దాటగలుగుతారు.